మంచుకొండ మీద మామా సంచి

ఖైతాన్,
జూన్ 20

చంద్రికకు నాయన ఆశీర్వాదాలు.

పాపా, నువ్వు ఈ గల్ఫ్ ఎండలో నుంచి మంచుకొండల మీదికి పోతాండావు! ఇంగ నేనేం రాయాల? ఈ ఒక్క మాట రాసి ఆపేసినా చాలు గదా!

నిన్న నీ యజమానురాలు మామా కారు తోలే అన్వర్ బాషా మా దివానియా చావిడికి వచ్చినాడు. నా చెవిటి చెవిలో నోరు పెట్టి మూడుసార్లు అరిచినాడు. మూడోసారికి నాకు అర్థమయింది. చేతిలో గహ్వా కాఫీ కేతలి పట్టుకోని అట్లే నిలబడిపోయినా. మా యజమాని బాబా చూసి, "ఏంది సిద్ధయ్యా, లాటరీ తగిలిందా?" అన్నాడు. "మీ చెల్లెలు నా బిడ్డను జార్జియాకు తీసుకపోతాంది బాబా" అని చెప్పినా. ఆయనకు అంతకుముందే తెలుసంట. నాకు చెప్పాలని తోచలేదంట. పోనీలే, పెద్దోళ్ళు.

బాషా చెప్పింది రాస్తా, సరిగ్గా ఉందో లేదో చూసుకో. సముద్రం ఒడ్డున పొద్దున్నే నడిచే ఆడోళ్ళు, మీ మామాతో కలిపి ఏడు మంది. ముందర ఒక గైడ్. ఐదు రోజులు ఊరి నుంచి ఊరికి కొండల మీద నడకంట, మాపటికి పల్లెల్లో పండుకోవడమంట. ఆడ మంచు ఏరు మాదిరి కొండ మీద నుంచి దిగుతాదంట, కానీ కంటికి కదిలినట్లు కనపడదంట. కదలని ఏరు యాడన్నా ఉందా? బాషా అబద్ధాలు చెప్తాడు గానీ ఇంత పెద్ద అబద్ధం అల్లే తెలివి వానికి లేదు. కాబట్టి నిజమే అయ్యుంటాది.

నువ్వు ఫోన్లో చెప్తే నీ గొంతు తెలుస్తాది గానీ మాట తెలీదు నాకు. ఎప్పటి మాదిరే కాగితం మీద రాసి ఫొటో తీసి పంపు. అన్నీ రాయి.

ఒక్క మాట. మామా సంచి నేల మీద పెట్టనియ్యొద్దు. ఇజాజా మాట ఎత్తొద్దు. సెలవు సంగతి తర్వాత చూసుకుందాం.

ఉబ్బితబ్బిబ్బయిపోతాండే మీ నాయన,
సిద్ధయ్య


సాల్మియా,
జూన్ 26

నాయనకు,

నీ కాగితం చదివినా. అంత సంబరపడొద్దు. నేను నడిచేదానికి పోవడం లేదు, మోసేదానికి పోతాండా.

మామాకు మోకాళ్ళు నొప్పి, షుగరు. నడవాలని డాక్టరు చెప్పినాడు. ఆయన చెప్పింది సముద్రం ఒడ్డున నడవమని. స్నేహితురాలు ఉమ్ ఫైసల్ జార్జియా పోదామనేసరికి ఆమె కాదనలేకపోయింది. గైడ్ పంపిన పేర్ల పట్టీ ఫ్రిజ్ మీద అంటించింది. ఏడు పేర్లు ఉండాయి. కింద పెన్సిల్‌తో "ఖద్దామా ఒకటి" అని రాసింది. పనిమనిషి ఒకటి అని. అది నేను.

మామాకు కొత్త బూట్లు కొన్నారు. నాకు ఆమె కొడుకు పాతవి ఇచ్చింది. పెద్దవి. ముందర దూది కుక్కితే సరిపోతాండాయి.

టికెట్ కోసమని బీరువాలోనుంచి నా పాస్‌పోర్టు బయటికి తీసింది. నాలుగేండ్లలో నేను దాన్ని చూడడం ఇది రెండోసారి. టేబుల్ మీద పెట్టి ఫొటో తీసుకోని మళ్ళీ లోపల పెట్టింది.

ఇజాజా మాట ఎత్తొద్దని రాసినావు. రెండేండ్ల కాంట్రాక్టు ఎప్పుడో ఖలాస్ అయింది. అడిగితే బుక్రా, రేపు చూద్దాం అంటాది. రంజాన్ అయినాక అనింది. పెద్ద పండగ అయినాక అనింది. ఇప్పుడు కొండ అయినాక అంటాంది. నాకు కొండ మీదనే అడగాలని ఉంది. రెండు నెలలు ఇంటికి పోయి రావాల నాయనా. అంతే నేను అడిగేది.

చంద్రిక


ఖైతాన్,
జులై 4

బంగారు తల్లికి,

వద్దు పాపా, వద్దు! కొండ మీద అడగొద్దు, కొండ దిగినాక అడగొద్దు. నా మాట విను.

నేను ఈ దేశానికి వచ్చి ముప్పై ఒక్క ఏండ్లు. మొదట ఎడారిలో గొర్రెలు కాసినా, ఇప్పుడు దివానియాలో చాయ్ కాస్తాండా. ఇన్నేండ్లలో పనిలో పెట్టుకున్న కఫీల్ ముందర నోరు తెరిచి ఇది కావాల అని ఒక్కరోజు అడగలే. వాళ్ళకు తోచినప్పుడు ఇస్తారు. ఇచ్చింది తీసుకున్నా. అడగలేదు కాబట్టే నిలబడినా. ఈడ ఉండేదానికి నీ ఇఖామా పర్మిట్టు ఆ ఇంట్లోనే, నా ఇఖామా ఆ ఇంట్లోనే. అన్న దగ్గర నేను, చెల్లెలి దగ్గర నువ్వు. ఒకరి మీద కోపమొస్తే ఇద్దరమూ విమానం ఎక్కాల. అది గుర్తు పెట్టుకో.

ఆ సంగతి వదిలెయ్. మంచుకొండ! నా బిడ్డ! పండుకుంటే నిద్ర రావడం లేదు సంతోషానికి. గదిలో మునీంద్రకు, ఆంజికి చెప్పి చెప్పి చంపినా. "ఇంకోసారి మంచు అన్నావంటే నిన్ను తీసుకపోయి ఫ్రిజ్‌లో పెడతా పెద్దాయనా" అంటాడు ఆంజి.

గాలి ఎక్కువంట గదా ఆడ. గాలికి రొమ్ము చూపించొద్దు, భుజం చూపించు. కొండ దిగేటప్పుడు కాలు అడ్డం పెట్టి దిగు. చిన్నప్పుడు సుండుపల్లె గుట్టల్లో మేకల ఎంబడి నువ్వు ఎట్ల దిగేదానివో అట్ల. బాషా చేతికి స్టీలు డబ్బా ఇచ్చి పంపుతాండా. చెనిక్కాయల పొడి, బెల్లం. మామాకూ కొంచెం పెట్టు. కారం తగ్గించే కొట్టించినా.

నాయన


ఆదిషి అనే ఊరు, జార్జియా,
ఆగస్టు 4

నాయనకు,

రెండు రోజులు నడిచినాం. ఈ పల్లెలో సిగ్నల్ వస్తా పోతా ఉంది. ఎప్పుడు దొరికితే అప్పుడు పంపిస్తా.

మెస్తియా అనే చిన్న టౌను నుంచి బయలుదేరినాం. ప్రతి ఇంటి పక్కన రాతి బురుజు ఉంది ఈడ, మన కోటల్లో మాదిరి. పచ్చిక మోకాలెత్తు. పైన తెల్లకొండలు. గాలి పొద్దస్తమానం కొడతానే ఉంది. పైన తొడుక్కున్న నల్ల అబాయాలు గాలికి లేచి మొహాలకు చుట్టుకుంటే రెండోరోజుకే అందరూ ప్యాంట్లలోకి వచ్చినారు. ఆ ఏరు సంగతి బాషా అన్న చెప్పింది నిజమే. కొండ సందులో మంచు వంపు తిరిగి దిగి ఆగిపోయింది. దూరానికి తెల్లగా ఉంది, పగుళ్ళలో నీలం.

గైడ్ పేరు లేవాన్. నీకన్నా పదేండ్లు చిన్న. ఎండకు కమిలిన మొహం. మొదటి రోజు వేలు చూపిస్తా లెక్కబెట్టి "ఎనిమిది" అన్నాడు. మామా "ఏడు" అనింది. ఆయన మళ్ళీ నన్ను చూపించి "ఎనిమిది" అన్నాడు. తర్వాత కొండ నియమాలు చెప్పినాడు. ఎవరి సంచి వాళ్ళే మోసుకోవాల. ఎవరి మందు, ఎవరి నీళ్ళు, ఎవరి పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉండాల. రెండు సంచులు మోసే మనిషి పడితే ఇద్దరు పడినట్లు అన్నాడు. ఉమ్ ఫైసల్ అరబ్బీలోకి మార్చి చెప్పింది. మామా తల ఊపింది.

మొదటి మలుపు తిరిగి ఆయన కనపడకుండా పోయినాక సంచి నా చేతికిచ్చింది. నేను తీసుకున్నా. ఆమె నా వైపు చూడలే, నేనూ ఆమె వైపు చూడలే.

ఈరోజు దిగేటప్పుడు మామాకు మోకాలు పట్టేసింది. రేపు పొద్దున జీపులో మెస్తియాకు వెనక్కి పోతాది. నన్ను మిగతావాళ్ళతో పొమ్మనింది. ఉమ్ ఫైసల్‌కు చూపు తక్కువ, ఆమె చెయ్యి పట్టుకోవాలంట. ఇజాజా ఇంకా అడగలే.

పొడి బాగుంది. లేవాన్ బంగాళాదుంపల మీద చల్లుకోని తిన్నాడు.

చంద్రిక


ఖైతాన్,
ఆగస్టు 5, మధ్యాహ్నం

పాపా,

నీ కాగితం అందింది, శానా సంతోషం, శానా శానా సంతోషం. నువ్వు ఎనిమిదో మనిషివి అయినందుకు గదిలో అందరికీ పాయసం చేసినా. లేవాన్ గారికి నా నమస్కారాలు చెప్పు. పొడి అయిపోతే చెప్పు, ఇంకా ఉంది. ఈడ ఎండ యాభై దగ్గర ఉంది, నువ్వు చల్లగా ఉండావు, అదే నాకు చాలు.

ఇది చూసిన ఎంటనే యాడ ఉండావో ఒక్క ముక్క రాయి. పెద్ద కాగితం వద్దు. "ఉండా నాయనా" అని రాసినా చాలు. ఊరికే అడుగుతాండా. ఏమీ లేదు.

నాయన


మెస్తియా,
ఆగస్టు 6

నాయనకు,

ఉండా. బాగుండా. నిన్న ఏం జరిగిందో వరసగా రాస్తా.

పొద్దున ఏడుకు జీపు వచ్చింది. మామా మోకాలికి గుడ్డ చుట్టుకోని ఎక్కింది. నేను ఎప్పటి మాదిరే రెండు సంచులూ తగిలించుకోని, ఉమ్ ఫైసల్ చెయ్యి పట్టుకోని నడిచినా. మామాకు తన సంచి ఒంటి మీద లేకపోవడం అలవాటు, నాకు రెండు ఉండడం అలవాటు. జీపు ఒక దిక్కు పోయింది, సంచి ఇంకో దిక్కు పోయింది. ఇద్దరికీ తెలీలే.

ఊరు దాటినాక మంచులోనుంచి పుట్టే ఏరు ఒకటి ఉంది. బియ్యం కడిగిన నీళ్ళ రంగు. పొద్దున తక్కువగా పారుతాది, ఎండ ఎక్కేకొద్దీ మంచు కరిగి పెరుగుతాది. అందుకని పొద్దున్నే గుర్రాల మీద దాటిస్తారు. దాటినాం. రెండు గంటలు ఎక్కి కనమ మీదికి చేరినాం. పైన గాలి మనిషిని తోసేస్తాంది. లేవాన్ అందరినీ బండ చాటున కూచోబెట్టి లెక్క చూసుకున్నాడు. నా దగ్గరకొచ్చి ఆగినాడు.

"ఈ రెండోది ఎవరిది?" అన్నాడు.

"మామాది" అన్నా. అన్నాక గుర్తొచ్చింది, ఆమె సంచి లేకుండా జీపు ఎక్కిందని.

విప్పి చూసినాం. షుగర్ సూదులు. కండ్లద్దాలు. రబ్బరు బ్యాండు వేసిన రెండు పాస్‌పోర్టులు, ఆమెది, నాది.

మామా మాపటి అన్నానికి ముందు సూది వేసుకోవాల. ఫోను పలకలే ఆడ. లేవాన్ ఆరు మందిని గాలిలో వదిలి రాలేడు. ఏటి దగ్గర గుర్రమాయన పన్నెండుకు పోతాడు, తర్వాత దాటడం కుదరదు. అప్పుడు పది. ఉమ్ ఫైసల్ "సాయంత్రం ఊరు చేరినాక జీపులో పంపిద్దాంలే" అనింది. ఆ ఊరి నుంచి మెస్తియాకు ఎంత సేపు పడతాదని లేవాన్‌ను అడిగినా. "దారి బాగుంటే రాత్రికి" అన్నాడు.

"నేను పోతా" అన్నా.

ఆయన నా బూట్లు చూసినాడు. తన కర్రలు రెండూ నా చేతికిచ్చినాడు. మామా సంచి ఖాళీ చేసి, అందులోవి నా సంచిలోనే సర్దినాడు. "ఒక్క సంచి" అన్నాడు.

ఒక్కదాన్నే దిగినా. ఈ నాలుగేండ్లలో ఒక్కదాన్నే యాడికీ పోలే, చెత్త పారెయ్యడానికి తప్ప. సగం దారిలో కూచున్నా. నా పాస్‌పోర్టు తీసి మొదటి పేజీ చదివినా. నా పేరు, నీ పేరు, సుండుపల్లె. చుట్టూ మనిషి లేడు. ఏమీ అనిపించలేదని రాస్తే అబద్ధమయితాది. అనిపించింది. తర్వాత సూది గుర్తొచ్చి లేచినా.

గుర్రమాయన జీను విప్పుతాండాడు. నన్ను చూసి మళ్ళీ కట్టినాడు. నీళ్ళు గుర్రం కడుపుకు తగిలినాయి. ఊరిలో పాలక్యాన్ల జీపు దొరికింది. ఐదున్నరకు మెస్తియా.

మామా మంచం మీద కూచోనుంది. ఏమీ తినలే. నన్ను చూసి మొదట అడిగింది, "పాస్‌పోర్ట్ యాడుంది?"

సూదుల డబ్బా చేతిలో పెట్టినా. ఆమె పాస్‌పోర్టు పక్కన పెట్టినా.

"రెండోది?"

"అది నాది మామా. నా దగ్గర ఉండనీ."

"హాతీ" అని చెయ్యి చాపింది. ఇయ్యి అని.

"లా, మామా."

నాలుగేండ్లలో ఆమెకు లేదు అని చెప్పడం అదే మొదలు. చెప్పినాక ఇంగ ఆగలే. "సెప్టెంబర్‌లో ఇజాజా కావాల. రెండు నెలలు. పోయి వస్తా" అన్నా. ఆమె సూది వేసుకోని, నేను తెచ్చిన సూపు తాగి, గోడ వైపు తిరిగి పండుకుంది.

నువ్వు తిడతావని తెలుసు. నీ ఇఖామా సంగతి కూడా గుర్తుంది. ఇయ్యి అన్నప్పుడు కూడా గుర్తుంది.

చంద్రిక


ఖైతాన్,
ఆగస్టు 7

నా తల్లీ,

ఉండావు! ఉండావు! ఆ మొదటి ముక్క చదివి కాగితం పక్కన పెట్టి ఏడ్చినా. తర్వాతే మిగతాది చదివినా.

ఇప్పుడు నేను దాచింది చెప్తా. ఐదో తేదీ పాయసం చెయ్యలే. ఆ రోజు పొద్దున పదకొండుకు బాబా నన్ను దివానియాలోకి పిలిచినాడు. ఎనిమిది మంది పెద్దమనుషులు కూచోనుండారు. "నీ బిడ్డ నా చెల్లెలి మందు, పాస్‌పోర్టులు తీసుకోని పారిపోయింది. మామా ఫోన్ చేసింది. యాడికి పోయిందో చెప్పు. లేకుంటే పోలీసులకు చెప్తా" అన్నాడు. నా చెవులకు ఆ మాట ఒక్కసారికే వినపడింది పాపా.

నేనేం అంటానో నాకే తెలీదు. మామూలుగా అయితే తల వంచుకోని "మాఫ్ చెయ్ బాబా" అంటా. నోరు తెరిచినా. ఇట్ల వచ్చింది.

"బాబా, నా బిడ్డ పారిపోయేది కాదు. కనపడలేదంటే కొండ మీద యాడనో జారి పడిందని. పోలీసులకు కాదు, ఆ కొండ మీదోళ్ళకు ఫోన్ చెయ్యి. ఇప్పుడే చెయ్యి."

ముప్పై ఒక్క ఏండ్లలో నేను బాబాకు పని చెప్పడం అదే! ఎనిమిది మందీ నా మొహం చూస్తాండారు. బాబా ఫోన్ తీసుకోని ఆ గైడ్ ఆఫీసుకు చేసినాడు. వాళ్ళకూ నీ జాడ తెలీదు. అప్పుడు బయటికొచ్చి వంటగదిలో కూచోని నీకు ఆ ఉత్తరం రాసినా. చెనిక్కాయల పొడి గురించి రాస్తాండా గానీ నా కండ్ల ముందర నువ్వు లోయలో పడి ఉండావు.

సాయంత్రం ఆరుకు మామా ఫోన్ చేసి నువ్వు వచ్చినావని చెప్పిందంట. బాబా వంటగది దాకా వచ్చి, "వచ్చింది" అని పోయినాడు. మాఫ్ అనలే. మరుసటి రోజు గహ్వా అడిగినాడు, పోసినా. అంతే. ఇంతవరకు ఇఖామా మాట ఎత్తలే. ఎత్తితే ఎత్తనీ.

నీ కాగితం ఆంజితో నాలుగుసార్లు చదివించుకున్నా. నేను చదువుకోలేక కాదు. వేరే మనిషి నోట వినాలని. "లా, మామా" కాడికి వచ్చినప్పుడు వాడు గట్టిగా చదువుతాడు. పాస్‌పోర్టు ఎనక్కి ఇచ్చెయ్యమని రాద్దామని పెన్ను పట్టుకున్నా. చెయ్యి రాలే.

నాయన


సాల్మియా,
ఆగస్టు 16

నాయనకు,

నువ్వు బాబాతో అట్ల అన్నావని బాషా అన్న ముందే చెప్పినాడు. నమ్మలే. నీ చేతిరాత చూసినాక నమ్మినా.

తిరిగొచ్చి వారమయింది. మామా మొదటి మూడు రోజులు పనుల మాటలే మాట్లాడింది. చొక్కా ఇస్త్రీ, చేప శుభ్రం, అంతే. పాస్‌పోర్టు నా దిండు గలీబులో పెట్టుకోని పండుకున్నా. నేను లేనప్పుడు ఆమె గదిలోకి వచ్చిందో లేదో తెలీదు. పాస్‌పోర్టు అయితే పోలే.

నిన్న ఉమ్ ఫైసల్ వచ్చింది. ఇద్దరూ చాయ్ తాగుతాండారు. మామా నన్ను పిలిచి ఉమ్ ఫైసల్‌కు చెప్తాండేటట్టు చెప్పింది, "అరవై రోజులు. అరవై ఒకటి కాదు. రిటర్న్ టికెట్ నాకు చూపించి పోవాల. ఆ రెండు నెలలకు వేరే పిల్లను తనే వెతికి పెట్టాల." తర్వాత నన్ను చూసి, "నా సంచి ఎవరు మోస్తారు?" అనింది.

"చిన్నది కొనుక్కో మామా" అన్నా.

ఆమె నవ్వలే. ఉమ్ ఫైసల్ నవ్వింది.

మనసు మారిందని నువ్వు రాస్తావేమో, నాకు అట్ల ఏం కనపడలే. సూది తెచ్చినందుకు షుక్రన్ అని ఒక థాంక్స్ కూడా అనలే. లేదు అని చెప్పలేకపోయింది, అంతే. నాకు అది సరిపోతాది. అరవై రోజుల పనికి అబ్బాసియాలో ఖాళీగా ఉండే నఫీసా ఒప్పుకుంది. ఈ పొద్దున బాషా అన్నతో ట్రావెల్ ఆఫీసుకు పోయినా. పాస్‌పోర్టు నేనే పట్టుకోని పోయినా, నేనే కౌంటర్ మీద పెట్టినా, నేనే తీసుకున్నా. సెప్టెంబర్ 4, చెన్నైకి. నీ కోసం టికెట్ ఫొటో కింద పెట్టినా.

చంద్రిక


ఖైతాన్,
ఆగస్టు 17

చంద్రికా, నా సామీ,

టికెట్ చూసినా! సెప్టెంబర్ నాలుగు! నీ పేరు పెద్ద అక్షరాల్లో ఉంది! ఆంజి, మునీంద్ర, కింద బక్కాలా కొట్టాయన, అందరికీ చూపించినా. కొట్టాయన మలయాళీ, మన పేర్లు పలకడం రాదు, అయినా చదివించినా.

ఇంగ ఊళ్ళో చెప్పాల. నేను ఫోన్ చేస్తే నా మాట వాళ్ళకు పోతాది గానీ వాళ్ళ సంబరం నాకు రాదు. కాబట్టి నువ్వే చెయ్యి. ఎవరికి ఎట్ల చెప్పాలో రాస్తాండా, ఒక్కరినీ వదలొద్దు.

మీ అమ్మ రెడ్డెమ్మకు అందరికన్నా ముందు. తేదీ ఒక్కటే చెప్పు. కొండ, గుర్రం, ఏరు ఇప్పుడు వద్దు. నువ్వు ఎదురుగా కూచున్నాక చెప్పు, లేకుంటే ఆమెకు పంద్రా దినాలు నిద్ర ఉండదు.

మీ జేజికి. మంచు మీద నడిచినావని చెప్పు. నమ్మదు. ఫొటో చూపించమని నీ తమ్మునికి చెప్పు.

మీ మేనత్త సుబ్బాయమ్మకు. రెండో రోజు చెప్పు. మొదటి రోజే చెప్తే ఊరంతా మీ అమ్మకన్నా ముందు ఆమె చెప్పేస్తాది.

మీ మామ శ్రీనివాసులుకు. చెన్నైకి జీపు తీసుకోని రమ్మను. ముందే చెప్పకుంటే పని ఉందంటాడు.

రాయచోటిలో బాషా వాళ్ళమ్మ మస్తాన్ బీకి. ఆమె మనకు చుట్టం కాకపోతే ఇంకెవరు చుట్టం? బాషా బాగుండాడని కూడా చెప్పు.

చివరికి, మీ పిన్నమ్మ వెంకటేశ్వరికి. ఈడే, జహ్రాలో పనిచేస్తాంది గదా. తొమ్మిదేండ్లు అయింది ఇంటి మొహం చూసి, ఆమె పాస్‌పోర్టు కూడా వాళ్ళ బీరువాలోనే ఉంది. మూడు సార్లు నన్ను సలహా అడిగింది. మూడు సార్లూ నోరు ఎత్తొద్దని చెప్పిన పాపిని నేనే. ఆమెకు నేను చెప్పను, నాకు మొహం లేదు. నువ్వు చెప్పు. తేదీ కాదు ఆమెకు చెప్పాల్సింది. నువ్వు మామా ముందర ఎట్ల నిలబడినావో, ఏమన్నావో, ఆమె ఏమనిందో, నువ్వు మళ్ళీ ఏమన్నావో, మాటకు మాట చెప్పు.

మీ నాయన,
సిద్ధయ్య